ఎండ ప్రాంతంలో డీప్ ఫ్రీజర్ ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

కృష్ణలంక కోడలు (విజయవాడ), ఏప్రిల్ 21

అందరికీ నమస్కారం. మా మరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువు ఉంది. పట్టుబడి అయిన ప్రతిసారీ మాకు పది పన్నెండు కిలోలు పంపుతాడు. దానికి తోడు ఈ ఏడాది మామిడి గుజ్జు, కొబ్బరి తురుము, పచ్చి బఠాణీలు కూడా నిల్వ చేసుకోవాలని 300 లీటర్ల ఫ్రీజర్ తీసుకున్నాము. పైకి తెరుచుకునే మూత ఉన్న రకం. పెట్టెలోంచి తీసి మూడు రోజులైంది కానీ ఎక్కడ పెట్టాలో తేలక ఇంకా వరండాలోనే ఉంది.

నాలుగు చోట్లు అనుకుంటున్నాము. డాబా మీద రేకుల గది ఖాళీగా ఉంది. కింద మెట్ల అడుగున తలుపుతో అరలాంటి చోటు ఉంది. వెనుక ఉత్తరం వైపు వసారాలో వాషింగ్ మెషీన్ పక్కన స్థలం ఉంది. నాలుగోది భోజనాల గది మూల. దుకాణంవారు ఎక్కడైనా పెట్టుకోవచ్చని చెప్పి చేతులు దులుపుకున్నారు. భోజనాల గదిలో పెడితే ఇల్లంతా వేడెక్కుతుందని మావారు అంటున్నారు, పూజ గదికి దగ్గరగా చేపలు, రొయ్యలు ఉండటం మా అత్తగారికి ఇష్టం లేదు. ఇలాంటి ఎండల్లో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రామగుండం రాజు, ఏప్రిల్ 21

అమ్మా, రేకుల గది ఆలోచన ఈ రోజే మానుకోండి. ఆ పని నేను చేసి చూశాను. మాది రామగుండం, మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. స్థలం కలిసి వస్తుందని ఫ్రీజర్‌ను పై గదిలో పెట్టాము. రెండు వేసవులు బాగానే గడిచినట్టు కనిపించింది, కరెంటు బిల్లు పెరిగినా ఏసీ వల్ల అనుకున్నాము. మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం అది ఆగిపోయింది. అయితే ఆగిపోయిన సంగతి మాకు తెలిసింది రెండు రోజుల తర్వాత, అదీ మెట్ల మీద చీమల బారు చూసి. పైకి వెళ్లి చూస్తే మూత కింది నుంచి ఎర్రటి నీరు కారి గడప దాటింది. పద్నాలుగు కిలోల మాంసం, ఇరవై సీసాల రసాల గుజ్జు పారబోశాము. నేను దగ్గర నిలబడి వింటే, ఐదారు నిమిషాలకు ఒకసారి కంప్రెసర్ 'టక్' అని లేవబోయి మళ్లీ పడిపోతోంది. కింద ఉన్నట్లయితే ఆ శబ్దం మొదటి గంటలోనే మా చెవిన పడేది.

వోల్టేజీ మాస్టారు (విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి), ఏప్రిల్ 21

రాజు గారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. ఫ్రీజర్ లోపల మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. గదిలో 30 డిగ్రీలు ఉంటే లోపలికీ బయటికీ తేడా 48 డిగ్రీలు, గదిలో 43 ఉంటే 61 డిగ్రీలు. గోడల గుండా లోపలికి దిగే వేడి ఈ తేడాను బట్టి ఉంటుంది కనుక, రెండో సందర్భంలో దాదాపు 27 శాతం ఎక్కువ వేడిని బయటికి తోడవలసి ఉంటుంది. అంతటితో అయిపోదు. తోడిన వేడిని అప్పటికే వేడిగా ఉన్న గాలిలోకి నెట్టాలంటే కంప్రెసర్ మరింత ఒత్తిడితో పనిచేయాలి కాబట్టి, అంతే వేడిని తోడడానికి అయ్యే కరెంటు కూడా పెరుగుతుంది. బావి లోతు పెరిగినకొద్దీ చేదడానికి బలం ఎక్కువ కావాలి, పైగా బిందెలూ ఎక్కువ తోడాలి. ఇక్కడ జరిగేది అదే.

ఇంకొక విషయం. ఫ్రీజర్ వెనుకనో పక్కనో అంటించిన పట్టీ మీద 'ఎన్', 'ఎస్టీ', 'టి' అనే అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటుంది. 'ఎన్' అంటే చుట్టూ 32 డిగ్రీల వరకు, 'ఎస్టీ' అంటే 38 వరకు, 'టి' అంటే 43 వరకు ఉన్న చోట పనిచేసేలా తయారుచేశారని అర్థం. అది మన ఊరి ఉష్ణోగ్రత కాదు, ఆ యంత్రాన్ని ఆనుకుని ఉన్న గాలి ఉష్ణోగ్రత అని గమనించాలి. రేకుల కింద మధ్యాహ్నం మూడు గంటలకు 'టి' అక్షరం కూడా మిమ్మల్ని కాపాడదు.

విశాఖ గాలి, ఏప్రిల్ 22

మాది ఎండకంటే తేమ సమస్య. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉంటాము. గాలి బాగా తగులుతుందని ముందు బాల్కనీలో పెట్టాము, అదే పొరపాటైంది. ఏడాదిన్నరకే అడుగు అంచు తుప్పు పట్టి రేకు పొరలు పొరలుగా రాలింది. ఉప్పుగాలికి తోడు, బాల్కనీ కడిగిన నీళ్లు దాని కిందికి చేరేవి. మీ వసారాలో బట్టలు ఉతుకుతారు కనుక ఈ మాట చెబుతున్నాను. అక్కడే పెట్టేట్లయితే నాలుగంగుళాల ఎత్తు దిమ్మె కట్టించి దాని మీద పెట్టండి.

రెండో అంతస్తు (హైదరాబాదు), ఏప్రిల్ 22

బాల్కనీ గురించి నాదీ ఒక మాట. మాది పడమటి బాల్కనీ. ఎండ తగలకుండా వెదురు చాప కట్టాను. ఎండ ఆగింది కానీ గాలి వేడి ఎక్కడికి పోతుంది? వేడి అలాగే ఉంది. అది చాలదన్నట్టు పావురాలు వచ్చి కంప్రెసర్ జాలీ దగ్గర గూడు కట్టాయి. ఈకలు, పుల్లలు, రెట్ట అన్నీ కలిసి గాలి దారిని మూసేశాయి. శుభ్రం చేయడానికి వచ్చిన అబ్బాయి చేటెడు చెత్త తీశాడు. రెండు గుడ్లు కూడా ఉన్నాయి, ఆ వెచ్చదనం వాటికి బాగా నచ్చినట్టుంది.

చల్లని చెయ్యి (మెకానిక్, ఖమ్మం), ఏప్రిల్ 22

నేను ఇరవై రెండేళ్లుగా ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు బాగుచేస్తున్నాను. వేసవిలో నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం యంత్రానివి కావు, పెట్టిన చోటువి.

మొదట అర్థం చేసుకోవలసింది ఇది. పైమూత ఫ్రీజర్లలో చాలా వాటికి పాత ఫ్రిజ్‌కు ఉన్నట్టు వెనుక నల్లటి జాలీ కనిపించదు. వేడిని వదిలే గొట్టాలు పక్క గోడల రేకు లోపలే అతికి ఉంటాయి. అందుకే నడుస్తున్నప్పుడు పక్కన చెయ్యి పెడితే వెచ్చగా, వేసవిలో వేడిగా తగులుతుంది. 'ఫ్రీజర్ వేడెక్కిపోతోంది' అని కంగారుగా ఫోను చేస్తారు. ఆ వేడి మంచిదే. లోపలి వేడి బయటికి వస్తోందన్నమాట. ఆ గోడలకు గాలి తగలాలి, అది ముఖ్యం. నాలుగు వైపులా కనీసం నాలుగంగుళాలు, వీలైతే జానెడు ఖాళీ వదలండి. గోడకు ఆనించి పెట్టడం, పక్కన బియ్యం బస్తాలు నిలబెట్టడం, దుమ్ము పడుతుందని దుప్పటి కప్పడం, ఇవన్నీ దాని ముక్కు మూసినట్టే. మొన్న ఒక ఇంటికి వెళితే, కుట్టించిన పూల గుడ్డ కవరు నేల దాకా తొడిగి ఉంది. నేను చేసిన మరమ్మతు ఆ కవరు తీయడం ఒక్కటే. వారి దగ్గర డబ్బు తీసుకోవడానికి మొహమాటపడి కాఫీ తాగి వచ్చాను.

మెట్ల కింద తలుపు ఉన్న అర పనికిరాదు. ఫ్రీజర్ వదిలిన వేడి ఆ అరలోనే తిరుగుతూ ఉంటుంది, మళ్లీ ఆ వేడి గాలిలోకే అది ఇంకా వేడిని వదలాలి. తలుపు పీకేస్తే కొంత నయం. కానీ మూత పూర్తిగా తెరిచినప్పుడు పైన మెట్ల వాలుకు తగులుతుందేమో ముందు టేపుతో కొలవండి. చాలామంది ఇది ఫ్రీజర్‌ను ఆ అరలో పెట్టేశాక గమనిస్తారు.

కువైట్ కడప, ఏప్రిల్ 22

నేను కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పన్నెండేళ్లుగా ఉంటున్నాను. ఈ దేశంలోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది, అంటే మన వేసవి ఇక్కడివారికి వసంతం. మా కఫీల్ (నన్ను పనికి పెట్టుకున్న యజమాని) ఇంట్లో రెండు పెద్ద ఫ్రీజర్లు ఉన్నాయి. ఒకటి కారు షెడ్డులో, ఒకటి ఇంటి లోపల సామాను గదిలో. నేను వచ్చాక షెడ్డులోనిది మూడు మారింది, లోపలిది నేను రాకముందు నుంచి ఉన్నదే ఇప్పటికీ నడుస్తోంది. సామాను గదికి వేరే ఏసీ లేదు, పక్క గది చల్లదనం తలుపు సందులోంచి వస్తుంది, అంతే. షెడ్డులోని దానికి నీడ ఉంది, గాలి ఉంది, లేనిదల్లా చల్లదనమే. ఇసుక దుమ్ము కూడా నెలకోసారి దులపాలి.

కృష్ణలంక కోడలు, ఏప్రిల్ 23

అందరికీ కృతజ్ఞతలు. రేకుల గది వదిలేశాము. మెట్ల కింద కొలిచాను. మూత సగం కూడా లేవదు, వాలుకు తగులుతుంది, కనుక అదీ పోయింది. మిగిలినవి రెండే, వసారా, భోజనాల గది. వసారా ఉత్తరం వైపుది, ఎండ పడదు, చేపల గొడవ కూడా ఉండదు. నా మనసు అటే మొగ్గుతోంది. దిమ్మె కట్టిస్తే సరిపోతుందా?

చల్లని చెయ్యి, ఏప్రిల్ 23

ఒక ప్రశ్న. మీ ఏసీ బయటి యూనిట్ ఎక్కడ బిగించారు?

కృష్ణలంక కోడలు, ఏప్రిల్ 23

వసారాలోనే, వాషింగ్ మెషీన్‌కు పైన గోడకు ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

చల్లని చెయ్యి, ఏప్రిల్ 23

ఉంది. మీ పడకగదిలోని వేడినంతా ఆ యూనిట్ వసారాలోకి ఊదుతుంది. మూడు వైపులా గోడలున్న వసారా అయితే ఆ గాలి తొందరగా బయటికి పోదు. నీడలో ఉన్నదని మనం అనుకుంటాము, ఫ్రీజర్‌కు మాత్రం అది కొలిమి పక్కన చోటు. నా మాట నమ్మనక్కరలేదు. గోడకు తగిలించే మామూలు ఉష్ణమాపకం ఒకటి కొనుక్కుని, ఫ్రీజర్ నడుము ఎత్తులో, గోడకు తగలకుండా వేలాడదీసి, రెండు చోట్లా మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి చూడండి. వసారాలో ఏసీ నడుస్తున్నప్పుడూ ఆపినప్పుడూ విడివిడిగా చూడండి.

అగ్నిమూల, ఏప్రిల్ 23

విద్యుత్ పరికరాలు ఆగ్నేయంలో ఉండాలని మా సిద్ధాంతిగారు చెప్పారు. ఉత్తరంలో బరువు పెట్టడం కూడా మంచిది కాదంటారు. దయచేసి ఆ సంగతి కూడా చూసుకోండి.

వోల్టేజీ మాస్టారు, ఏప్రిల్ 23

మీ నమ్మకాన్ని కాదనను. అయితే చాలా ఇళ్లలో ఆగ్నేయంలో వంటగది ఉంటుంది, పొయ్యి పక్కన ఫ్రీజర్ పెట్టడం మాత్రం వద్దు. వేడి ఒక కారణం. రెండో కారణం, ఇప్పుడు వస్తున్న ఫ్రీజర్లలో చాలా వాటిలో ఐసోబ్యూటేన్ గానీ ప్రొపేన్ గానీ నింపుతున్నారు. మన వంటగ్యాసుకు ఇవి దాయాదులే, అంటుకునే గుణం ఉన్నవి. నింపేది కొద్ది గ్రాములే కనుక మామూలుగా భయపడనక్కరలేదు. కానీ గొట్టానికి చిల్లు పడితే ఆ వాయువు గాలికంటే బరువైనది కావడంతో నేల మీద చేరుతుంది. పేరుకున్న మంచును చాకుతో పొడిచి తీసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. గోడ లోపలే గొట్టం ఉంటుంది. స్విచ్ ఆపి, మూత తెరిచి, కరగనిచ్చి తీయండి.

కృష్ణలంక కోడలు, ఏప్రిల్ 26

మూడు రోజులు కొలిచాను. మావారు నవ్వారు కానీ రాత్రి పదింటి కొలతలు ఆయనే తీశారు. నిన్న మధ్యాహ్నం మూడింటికి వసారాలో ఏసీ ఆపి ఉన్నప్పుడు 38 డిగ్రీలు. ఏసీ వేసిన నలభై నిమిషాలకు 44. భోజనాల గదిలో 34. వదిలేసిన రేకుల గదిలో కూడా సరదాకి పెట్టి చూశాను, 47 చూపించింది. రాత్రి పదింటికి రేకుల గది 33కి దిగిపోయింది, వసారా మాత్రం ఏసీ వల్ల ఇంకా 40 దగ్గరే ఉంది. రాత్రంతా మేము చల్లగా నిద్రపోతుంటే ఆ వేడి మొత్తం ఫ్రీజర్ భరించేదన్నమాట. ఇది నేను ఊహించలేదు.

కనుక భోజనాల గదే మిగిలింది. కానీ గది వేడెక్కుతుందన్న మావారి అభ్యంతరం అలాగే ఉంది. నిజంగా ఎంత వేడి వస్తుంది?

వోల్టేజీ మాస్టారు, ఏప్రిల్ 26

దీనికి సులభమైన లెక్క ఉంది. ఫ్రీజర్ గదిలోంచి లోపలికి దిగిన వేడినే మళ్లీ గదిలోకి తోడుతుంది. అది అక్కడికక్కడ చెల్లు. గదికి కొత్తగా చేరేది అది తాగిన కరెంటు మాత్రమే. రోజుకు రెండు యూనిట్లు తాగుతుందనుకోండి. 2000 వాట్ అవర్లను 24 గంటలతో భాగిస్తే దాదాపు 83 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు ఉంటుంది. అంటే మీ భోజనాల గదికి రోజంతా ఉండిపోయే ఒక చుట్టం వచ్చినట్టు, అది కూడా తిండి తక్కువ తినే చుట్టం. కొత్త సరుకు వేసిన రోజున కాస్త ఎక్కువ ఉంటుంది. అంతకుమించి భయం లేదు. అయితే తలుపులు మూసి పడుకునే చిన్న పడకగదిలో మాత్రం పెట్టవద్దు, వేడికంటే శబ్దం నిద్ర చెడగొడుతుంది.

రెండో అంతస్తు, ఏప్రిల్ 26

మాస్టారి లెక్క నిజమే అనిపిస్తోంది. పావురాల తర్వాత మేము ఫ్రీజర్‌ను హాలు మూలకు మార్చాము. హాలు వేడెక్కిందని ఇంట్లో ఎవరూ అనలేదు. కరెంటు కొలిచే ప్లగ్గు పెట్టి చూస్తే, కిందటి మేలో బాల్కనీలో రోజుకు రెండున్నర యూనిట్లకు పైగా తాగినది ఇప్పుడు రెండు లోపే తాగుతోంది. పావురాల పుణ్యమో హాలు పుణ్యమో విడదీసి చెప్పలేను.

వోల్టేజీ మాస్టారు, ఏప్రిల్ 27

చోటు తేలింది కనుక ప్లగ్గు గురించి కూడా చెబుతాను, ఎందుకంటే చోటును ప్లగ్గును బట్టి మార్చుకునేవారే ఎక్కువ. భోజనాల గది మూలలో 16 ఆంపియర్ల పాయింటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేయించండి. పొడుగు వైరు, మూడు కన్నాల బోర్డు పెట్టి మిక్సీతో పాటు నడపకండి. ఎర్తింగు ఉందో లేదో పరీక్ష చేయించండి, తడి చేతులతో ముట్టుకునే యంత్రం ఇది. వోల్టేజీ 230కి ఆరు శాతం అటూ ఇటూ, అంటే సుమారు 216 నుంచి 244 మధ్య ఉండాలి. మే నెల రాత్రులు ఊరంతా ఏసీలు వేసుకున్నప్పుడు అంతకంటే కిందికి పడిపోయే వీధులు నాకు తెలుసు. మీ వీధి అలాంటిదైతే, కరెంటు పోయి వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి వదిలే స్టెబిలైజర్ పెట్టుకోండి. దాన్ని ఫ్రీజర్ మూత మీద పెట్టకండి, గోడకు బిగించండి.

చల్లని చెయ్యి, ఏప్రిల్ 27

మాస్టారు చెప్పిన ప్రతి మాటా నిజం. నావి రెండు చేర్పులు. వరండాలోంచి లోపలికి మార్చేటప్పుడు నిలువుగానే తీసుకువెళ్లండి, ఎక్కడైనా పక్కకు వంచితే నాలుగైదు గంటలు ఆగి స్విచ్ వేయండి, కంప్రెసర్ నూనె దాని చోటికి అది చేరాలి. మొదటి రోజే పన్నెండు కిలోల రొయ్యలు కుప్పగా వేయకండి. ఖాళీగా ఒక రోజు నడిపి, తర్వాత చిన్న చిన్న పొట్లాలుగా గోడల వెంట సర్దండి.

ఖాళీ మిగిలిన చోట నీళ్ల సీసాలు పెట్టండి. సీసా మూతి దాకా నింపవద్దు, గడ్డకట్టినప్పుడు నీరు ఉబ్బుతుంది. కరెంటు పోయినప్పుడు ఆ గడ్డలే మీ సరుకును కాపాడతాయి. నిండుగా ఉండి మూత తెరవకపోతే రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు ఆగుతుందని అంటారు. మన మే నెలలో నేనైతే అందులో సగానికి మించి నమ్మను.

రామగుండం రాజు, ఏప్రిల్ 27

నేను కాల్చుకున్న చేతితో ఇంకొకటి చెబుతున్నాను. చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి లోపల ఒక మూల ఉంచండి. ఊరికి వెళ్లి వచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. గడ్డ మధ్యలోకో అడుగుకో దిగి ఉంటే, మీరు లేనప్పుడు కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అలాంటప్పుడు పైకి బాగానే కనిపించినా మాంసం, రొయ్యలు తినవద్దు.

కృష్ణలంక కోడలు, మే 9

పది రోజుల తర్వాత వచ్చి చెబుతున్నాను. ఫ్రీజర్ భోజనాల గదిలో వంటింటి వైపు గోడ మూలన, అన్ని వైపులా జానెడు చొప్పున వదిలి పెట్టాము. కొత్త పాయింటుకు, స్టెబిలైజర్‌కు కలిపి ఒక పూట పని పట్టింది. పట్టీ మీద చూస్తే 'టి' అక్షరమే ఉంది. అత్తగారు రెండు షరతులు పెట్టారు. చేపలు, రొయ్యలు వెనుక గుమ్మం గుండానే రావాలి, మూత బిగుతుగా ఉన్న డబ్బాల్లోనే లోపలికి వెళ్లాలి. రెండూ ఒప్పుకున్నాము. మొన్న చూస్తే పైన వేలాడే తీగ బుట్టలో కొబ్బరి తురుము, ఎండు మునగాకు పొట్లాలు ఉన్నాయి. ఆ బుట్ట తనదని, అందులో ఇంకేమీ పెట్టకూడదని ఆవిడ చెప్పారు.

గది వేడి సంగతి మావారు మళ్లీ ఎత్తలేదు. నిన్న రెండు గంటలు కరెంటు పోయింది, మేము మూత ముట్టుకోలేదు, రూపాయి బిళ్ల పైనే ఉంది. ఒక్క సందేహం మిగిలింది. మూత అంచు చుట్టూ రబ్బరు దగ్గర పొద్దున్నే సన్నగా చెమట పడుతోంది. ఇది లోపమా?

చల్లని చెయ్యి, మే 9

ఒక కాగితం ముక్క అంచు మీద పెట్టి మూత మూసి లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగుంది, ఆ చెమట గాలిలోని తేమ మాత్రమే, పొడి గుడ్డతో తుడవండి. జారిపోయి ఊడి వస్తే అదే చోట మళ్లీ రెండు సార్లు చూసి నాకు చెప్పండి. ఏ వైపు జారిందో కూడా చెప్పండి. తీగ బుట్ట అంచు మీదికి జరిగి మూతను ఒక వెంట్రుక వాసి ఎత్తుతుండవచ్చు.

కృష్ణలంక కోడలు, మే 10

మూడు వైపులా బిగువుగానే వచ్చింది. నాలుగో వైపు జారింది. బుట్టే. మునగాకు ఎక్కువైంది. అత్తగారికి ఎలా చెప్పాలో మాత్రం మీరెవరూ చెప్పలేరు.